చెయ్యి లేపిందెవరు?

ఆపరేషన్ బల్ల మీద రోగి మెలకువగానే ఉండేవాడు. పుర్రె తెరిచి ఉండేది. కోసిన చోట మత్తు సూది వేసేవారు, మెదడుకైతే అసలు నొప్పే తెలియదు. డాక్టరు సన్నటి కరెంటు తీగతో మెదడు మీద ఒకచోట తాకగానే చెయ్యి లేచేది. నువ్వే లేపావా అని అడిగితే.. కాదు, మీరే లేపారనేవాడు.

ఆ డాక్టరు వైల్డర్ పెన్‌ఫీల్డ్. ఊరు కెనడాలోని మాంట్రియల్. మనిషి చేసే పని తన ఇష్టంతో చేస్తున్నాడా, మెదడు చేయిస్తోందా అన్న ప్రశ్న ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

1891లో అమెరికాలోని స్పోకేన్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో షెరింగ్టన్ దగ్గర చదివి, 1928లో మాంట్రియల్ చేరారు. ఆ ఏడాదే పెద్ద పరీక్ష. అక్క రూత్‌కు మెదడులో గడ్డ. తోడబుట్టినదానికి తానే కత్తి పట్టారు. కుడివైపు నుదుటి వెనుక భాగం చాలావరకు తీసేసినా గడ్డ మొత్తం రాలేదు. అక్క ఇంటికెళ్లింది. మాట, జ్ఞాపకం బాగానే ఉన్నాయి. ఓసారి తమ్ముణ్ని భోజనానికి పిలిచింది. సరుకులన్నీ ఎదురుగా ఉన్నాయి, పొయ్యి మీద ఒకటో రెండో ఎక్కాయి. ఏది ముందో, ఏది తర్వాతో తేల్చుకోలేక కంగారుపడిపోయింది. ఏళ్ల తరబడి వండిన చెయ్యే అది! 1931లో కన్నుమూసింది.

1934లో ఆయన మాంట్రియల్‌లో నరాల వైద్య సంస్థ పెట్టారు. వెయ్యి మందికి పైగా మూర్ఛ రోగులకు ఆపరేషన్లు చేశారు. మెదడులో ఏ చోటు ఏ అవయవాన్ని కదుపుతుందో పటం గీశారు. చిన్నప్పుడైతే పిల్లలకు రెండో భాష తేలిగ్గా వస్తుందని గట్టిగా చెప్పిందీ ఈయనే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో ఒడియానో మాట్లాడే మనవాళ్లకు అది కొత్తేం కాదనుకోండి.

తీగ తాకితే చెయ్యి లేచింది, కొందరికి పాత పాట వినిపించింది. కానీ నిర్ణయం తీసుకునేలా మాత్రం ఎవర్నీ చేయలేకపోయానన్నది పెన్‌ఫీల్డ్ వాదన. 1975లో వచ్చిన పుస్తకంలో మనసు వేరు, మెదడు వేరు అన్నవైపే మొగ్గారు. తోటి శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. అక్క వంటింట్లో అవస్థ చూసిన మనిషి ఆ మాటనడం ఆశ్చర్యమే. 1976 ఏప్రిల్ 5న పోయారు.

2009లో ఫ్రాన్స్ డాక్టర్లు మెదడు పక్కభాగంలో కిందివైపు తీగ తాకించారు. రోగులకు చెయ్యి కదపాలన్న కోరికే పుట్టింది. కరెంటు పెంచితే, చెయ్యి కదలకపోయినా కదిపామన్నారు. ఆ కోరిక తమదేనన్నట్టు చెప్పారు తప్ప, డాక్టరు పుట్టించాడని కాదు.