చిత్రరంగమున సంస్కర్త: గూడవల్లి రామబ్రహ్మము

హైదరాబాదున పంజగుట్ట దాటి అమీరుపేటకు పోవువారికి సారథీ స్టూడియో పేరు క్రొత్తది కాదు. అచ్చట తయారై 1959లో విడుదలయిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాదులోనే చిత్రీకరింపబడిన తొలి తెలుగు చిత్రముగా ప్రసిద్ధి గాంచినది. మదరాసున పెరిగిన తెలుగు చిత్రపరిశ్రమ భాగ్యనగరమునకు తరలివచ్చుటలో ఆ స్టూడియో తొలిమెట్టులలో నొకటి. అయితే సారథి యను పేరు అంతకు రెండు దశాబ్దములకు ముందే పుట్టినది. అది తొలుత జనుల చెవిని బడినది ఒక పెద్ద వివాదముతో. ఆ వివాదమునకు కారకులు శ్రీ గూడవల్లి రామబ్రహ్మముగారు.

ఆయన 1902లో కృష్ణాజిల్లా నందమూరు గ్రామమున జన్మించిరి. ‘ప్రజామిత్ర’ పత్రికకు సంపాదకులై సంఘసంస్కారమును ప్రబోధించిరి. అక్షరము నెరుగని జనసామాన్యమునకు సయితము తమ సందేశము చేరవలెనని తలచి చలనచిత్రరంగమున ప్రవేశించిరి. చల్లపల్లి రాజావారి అండతో సారథీ ఫిలిమ్స్ సంస్థ వెలసెను.

ఆ నాటి తెలుగు చిత్రములలో అత్యధికము పౌరాణికములు. అట్టి తరుణమున 1938లో ‘మాలపిల్ల’ వెలువడెను. కథ చలముగారిది, సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. హరిజన యువతికిని, ఆలయార్చకుని కుమారునికిని గల ప్రేమ అందలి యితివృత్తము. చలముగారి రచనలను ఇంటిలో నుంచుకొనుటకే పెద్దలు జంకుచుండిన దినములవి. మదరాసు రాష్ట్రమున ఆలయప్రవేశ శాసనము వచ్చినది మరుసటి యేట, అనగా 1939లో. శాసనముకంటె ముందుగా చిత్రమే హరిజనుని గుడివాకిట నిలిపెను. ఛాందసులు మండిపడిరి. జనులు మాత్రము తండోపతండములుగా వచ్చి చూచిరి. సంపలత పాత్రను ధరించిన కాంచనమాల పేరు ఊరూర మారుమ్రోగెను.

1939లో ‘రైతుబిడ్డ’ వచ్చెను. బళ్లారి రాఘవగారు ప్రధాన పాత్రధారి. కొసరాజుగారు పాటలు వ్రాసిరి. జమీందారుల మాట కెదురు నిలిచిన పేదరైతు కథ యిది. బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాధిపతులు అభ్యంతరము తెలిపిరి. పలుచోట్ల ప్రదర్శనలు నిషేధింపబడెను. చిత్రమునకు ధనమిచ్చినవారు స్వయముగా జమీందారులే యగుట ఇందలి విశేషము.

పిమ్మట రామబ్రహ్మముగారు ‘ఇల్లాలు’, ‘పత్ని’, ‘పంతులమ్మ’ మొదలగు చిత్రములు తీసిరి. 1945 నాటి ‘మాయాలోకము’ జానపద కథ. ‘పల్నాటి యుద్ధము’ నిర్మాణదశలో నుండగా వ్యాధిగ్రస్తులై 1946లో స్వర్గస్థులైరి. ఎల్.వి. ప్రసాదుగారు పూర్తిచేసిన ఆ చిత్రము 1947లో విడుదలయ్యెను.

ఆయన కనుమూసిన రెండేండ్లకు, 1948లో, మదరాసు రాష్ట్రమున జమీందారీల రద్దు శాసనమయ్యెను. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించెను. నిన్నటి ధిక్కారము నేటి చట్టమైనది. ఆ రెండు చిత్రములను ప్రశంసింపని తెలుగు చలనచిత్ర చరిత్ర నేడు లేదు. సారథి పేరు స్టూడియో ద్వారముపై నిలిచి, అన్ని రకముల చిత్రములకును నీడ యిచ్చినది.

ధిక్కరించిన కళాకారుని లోకము తుదకు ఆదరించుటకు కాలమహిమ యొక్కటే కారణము కాదు. వేలకొలది సామాన్యులు రుసుము చెల్లించి ‘మాలపిల్ల’ను చూచుట, చూచినదానిని ఇంటింట చర్చించుట, ఆ చర్చతో మనసులు మెల్లగా మెత్తబడుట కారణములు. కాని ఆదరణమున ఒక అపాయము కూడ కలదు. దండ వేసి పొగడినంతమాత్రమున పని ముగిసినదని తలచుట సులభము. శాసనములు మారినను, కులము కాదని పెండ్లాడిన యువతీయువకులు ప్రాణములు గోల్పోవుట నేటికిని ఆగలేదు. సంపలత కథ పాతబడిన దినముననే రామబ్రహ్మముగారి పని పూర్తియైనట్లు. అందాక ఆ చిత్రములు పూజింపదగిన జ్ఞాపికలుగా మాత్రమే మిగిలిపోరాదు. చూచి, చదివి, తర్కింపవలసినవిగా నుండవలెను. గ్రంథాలయములు చేయదగిన సేవ యిదియే.