నవ్వుకు పద్మశ్రీ తెచ్చిన రావులపాడు బిడ్డ

పల్లెటూళ్ళో పుట్టినవాడు పట్నంలో ఏం రాణిస్తాడులే అని పెదవి విరిచేవాళ్ళు మన చుట్టూ చాలామందే ఉన్నారు. వాళ్ళకు జవాబు మన కోనసీమ గడ్డ మీదే పుట్టింది. ఆయనే హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్య గారు.

1910లో రావులపాలెం దగ్గర రావులపాడులో ఆయన జన్మించారు. ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రి హరికథలు, సంగీతం నేర్పేవారు. కాకినాడలో చదువుకునే రోజుల్లోనే రేలంగికి నాటకాల పిచ్చి పట్టుకుంది. యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో ఆడవేషాలు కూడా కట్టారు.

1935లో సి.పుల్లయ్య గారి 'శ్రీకృష్ణ తులాభారం'తో సినిమాల్లో అడుగుపెట్టారు. అడుగైతే పెట్టారు గాని, నిలదొక్కుకోవడం అంత తేలిగ్గా జరగలేదు. పుల్లయ్య గారి దగ్గరే ప్రొడక్షన్ పనులు చూసుకుంటూ, చిన్నాచితకా వేషాలు వేస్తూ ఏళ్ళు గడిపారు. 1949లో కె.వి.రెడ్డి గారి 'గుణసుందరి కథ' వచ్చాకగాని దశ తిరగలేదు. అంటే పద్నాలుగేళ్ళు! కొబ్బరిమొక్క నాటిన రైతు మొదటి గెల కోసం ఆరేడేళ్ళు ఓపిక పడతాడు. రేలంగి అంతకు రెట్టింపు కాలం ఓపిక పట్టారు. మధ్యలో విసుగెత్తి ఇంటికి తిరిగొచ్చేసినా ఆయన్ని ఎవరూ తప్పుపట్టి ఉండేవారు కాదు. కాని ఆయన రాలేదు.

ఆ తర్వాత చూడాలి ఆయన జోరు! 1951 'పాతాళభైరవి'లో రాజుగారి బావమరిది, 1955 'మిస్సమ్మ'లో దేవయ్య. 1957 'మాయాబజార్'లో లక్ష్మణకుమారుడు, 1963 'నర్తనశాల'లో ఉత్తరకుమారుడు. ఈ చివరి ఇద్దరూ పిరికి రాకుమారులే. అయినా పెళ్ళిపీటల మీద బెదిరిపోయే ముద్దుల కొడుకు వేరు, కోటలు దాటే మాటలు చెప్పి సైన్యాన్ని చూడగానే వణికే ఉత్తరుడు వేరు. ఒకరిని చూస్తే మరొకరు గుర్తు రారు. కొన్ని పాటలు తానే పాడుకున్నారు. గిరిజతో జోడీ, రమణారెడ్డితో జంట జనానికి పండగే.

హాస్యగాడంటే హీరో పక్కన నిలబడేవాడన్న చిన్నచూపు ఉన్న కాలమది. 1970లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చినప్పుడు ఆ గౌరవం నవ్వించే విద్యకే దక్కింది. తాడేపల్లిగూడెంలో స్థిరపడి, అక్కడ సినిమా హాలు కట్టించి, 1975లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు.

మిత్రులారా! ఒక్క పరీక్ష తప్పితే బతుకే పోయిందనుకునే మనం, ఆ పద్నాలుగేళ్ళని ఒక్కసారి తలుచుకుందాం.