విలియము రాక్సుబరోగారి చరిత్రము

కొండవీటి కొండ నెక్కు బాలుడు త్రోవప్రక్క మొక్కను జూచి దాని పేరేమని యడుగుట సహజము. జీవితాంతము వఱకు ఆ ప్రశ్ననే యడిగిన మహనీయు డొకడు పూర్వము మన తెలుగుదేశమున నివసించెను.

రాక్సుబరోగారు 1751 వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి క్రెయిగీ గ్రామమున జన్మించిరి. ఎడింబరోలో వైద్యమును, జాన్ హోపు పండితునియొద్ద వృక్షశాస్త్రమును నభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీవారి వైద్యుడుగా మద్రాసు చేరిరి. 1781 మొదలు సామర్లకోటలో నుండి మిరియములు, నీలి, చెఱకు మున్నగు పైరులను పరీక్షించిరి. ఒక గొప్ప వెల్లువలో వారి గ్రంథములును, ఎండబెట్టి దాచిన మొక్కలును కొట్టుకొనిపోయెను. అయినను వారు ధైర్యము విడువక మరల మొదటినుండి పని నారంభించిరి. దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించి, తెలుగువారు వాడు పేళ్లను విచారించి వ్రాసికొనిరి. వారు వర్ణించిన సోమిద చెట్టుయొక్క తెలుగు పేరే తరువాత దాని ప్రజాతికి శాస్త్రనామ మయ్యెను.

1793లో వారు కలకత్తా వృక్షోద్యానమునకు అధికారులైరి. వారి గ్రంథములను శ్రీరామపురపు మిషనరీయగు విలియము కేరీగారు అచ్చు వేయించిరి.

1813లో ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలుచు, రాక్సుబరోగారు సెంటు హెలీనా ద్వీపమున నాగిరి. అది అట్లాంటికు మహాసముద్రమధ్యమున నున్న చిన్న దీవి. మేకలు మేయుటచేతను, వంటచెఱకునకై నఱకుటచేతను అచ్చటి యడవులు క్షీణించుచుండెను. రోగపీడితులయ్యు వారు అచ్చటి మొక్కల పట్టికను సిద్ధము చేసిరి. అచ్చటి జిగురుచెట్లు చేమంతి కుటుంబమునకు జేరినవయ్యు మ్రాకులై పెరుగును. వారు వీనిని కొనైజా యను ప్రజాతిలో నుంచిరి. 1833లో డికాండోలు పండితుడు వీనికి కొమ్మిడెండ్రము అను ప్రత్యేక ప్రజాతి నేర్పఱచెను. ఇందు నాలుగే జాతులు గలవు. నాలుగును ఆ దీవియందే పుట్టినవి. ప్రజాతి మాఱినను, రెండు జాతులకు రాక్సుబరోగా రిచ్చిన విశేషనామములు నేటికిని నిలిచియున్నవి.

వారు 1815లో ఎడింబరోలో మరణించిరి. వారు వర్ణించిన ఆ దీవి ఆలివు చెట్టు, ప్రపంచమున మఱెచ్చటను లేనిది, 2003లో సంపూర్ణముగా నశించెను. జిగురుచెట్లను మాత్రము ద్వీపవాసులు మరల నాటి పెంచుచున్నారు.

విద్యార్థులారా! పేరు తెలిసిన చెట్టు నశించినప్పుడే దాని లోటు మనకు దెలియును. కావున మన కొండపై చెట్ల పేళ్లను పెద్దల నడిగి నేడే వ్రాసికొనుడు.