సర్ తామస్ మన్రో జీవితము

ప్రసిద్ధపురుషుల చరిత్రములను చదువుటలో రెండు విధములైన లోపము గలదు. పూజించువానికి వారి దోషములు కానరావు. ద్వేషించువానికి వారి గుణములు కానరావు. పరమేశ్వరు డొక్కడే పూజనీయుడని నమ్మువారికి మొదటిది తగదు. సత్యమును మించిన ధర్మము లేదని నమ్మువారికి రెండవదియు తగదు. ఈ రెంటిని విడిచి, కంపెనీవారి తరఫున మన దత్తమండలములను మొట్టమొదట పాలించిన సర్ తామస్ మన్రో జీవితమును విచారింప బూనితిమి. ఒక జాతి తాను ప్రాణముతో సమానముగ నెంచుకొను స్వాతంత్ర్యమును పరులకు లేకుండ జేసినచో నేమి సంభవించునో ఈ చరిత్రము మనకు దెలుపును.

మన్రో 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీని స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. 1707లో ఇంగ్లండును స్కాట్లండును ఒక్క రాజ్యమైన పిమ్మట బ్రిటిషు జాతీయత క్రొత్తగా రూపుదాల్చుచుండెను. స్కాట్లండు యువకులకు కంపెనీ కొలువు ఆ జాతీయతలో పాలుపంచుకొనుటకు రాజమార్గమయ్యెను. మన్రో తండ్రి అమెరికాలోని వర్జీనియా సీమతో వర్తకము చేయువాడు. గ్లాస్గో వర్తకుల భాగ్యమునకు పొగాకు మూలము. ఆ పొగాకును పండించినది బానిసలుగా గొనిపోబడిన ఆఫ్రికా జనుల చెమట. 1775లో అమెరికా వలసలు తిరుగబడి యుద్ధము సాగగా ఆ వర్తకము కూలి, ఆ కుటుంబము దరిద్రతపాలయ్యెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమున జదివిన కుమారుడు 1780 జనవరిలో పదాతిదళపు కాడెట్టుగా చెన్నపట్టణమున దిగెను. ఒక ఖండమున స్వాతంత్ర్యేచ్ఛచే సామ్రాజ్యము సడలగా నష్టపోయిన యింటివాడు మఱియొక ఖండమున సామ్రాజ్యమును గట్టుటకు వచ్చెనని చదువరులు గుర్తింతురు గాక.

హైదరాలితోను టిప్పుసుల్తానుతోను జరిగిన యుద్ధములలో నాయన పనిచేసెను. 1792 మొదలు బారామహలు సీమలో రీడు దొర క్రింద శిస్తు నిర్ణయించు విధానమును నేర్చెను. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప కన్నడసీమకు కలెక్టరయ్యెను. 1800 అక్టోబరులో నిజాము బళ్లారి, అనంతపురము, కడప సీమలను, కర్నూలు ప్రాంతమున గొంత భాగమును కంపెనీకి వదలుకొనగా, ఆ దత్తమండలములకు మన్రో ప్రధాన కలెక్టరుగా నియమింపబడెను. మా హనుమంతునిపాడునకు పడమటి దిక్కున నున్న కంభము, దూపాడు సీమలును వానిలోనివే. అవి 1858లో కడపనుండి కర్నూలునకును, 1970లో ప్రకాశము జిల్లాకును మాఱినవి గాని, మార్కాపురము గిద్దలూరు రైతుల పట్టాలకు మూలము మన్రో కాలముననే కలదు.

ఆ సీమల స్థితి అప్పుడు దయనీయముగ నుండెను. దాదాపు ఎనుబదిమంది పాలెగాండ్రు కోటలు పట్టుకొని, సాయుధులను పోషించుచు, రైతుల నిష్టమువచ్చినట్లు పిండుచుండిరి. మన్రో వారిని కొందఱను బలముచేతను, కొందఱను భరణములిచ్చియు అణచెను. ఈ పని సౌమ్యముగ జరిగినదని చెప్పుట సత్యము గాదు. 1801లో ఆదోని ప్రాంతపు తెర్నకల్లు గ్రామస్థులు ఎదురుతిరుగగా సేనలు కోటను పట్టి పెక్కుమందిని చంపెను. భరణములతో నణగిన కోపమును చల్లాఱలేదు. నొస్సము పాలెగారి మనుమడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానాపై బడి, గిద్దలూరు కంభము కొండలలో సంచరించి, 1847 ఫిబ్రవరిలో ఉరితీయబడెను. మన్రో నెలకొల్పిన శాంతిని పొగడువారు ఈ ఉరికొయ్యను మఱువరాదు.

అయినను ఏడేండ్లపాటు గుడారములలో నివసించుచు ఆయన చేసిన పని సామాన్యమైనది గాదు. 1802 మొదలు 1806 వఱకు పొలములన్నియు కొలిపించెను. రైతుకును ప్రభుత్వమునకును నడుమ జమీందారు లేకుండ, ఎవని పొలమునకు వానికే పట్టా యిచ్చు రైతువారీ పద్ధతిని నాటెను. న్యాయస్థానములతో బరిచయముగల మేము దీని విలువ నెఱుగుదుము: పేరు పత్రమున నున్న రైతు, పేరు లేని రైతువలె సులభముగ వెళ్లగొట్టబడడు. కాని శిస్తు మాత్రము మిక్కిలి బరువుగ నుండెను. అది మన్రోయే కనిపెట్టి, 1807లో స్వదేశమునకు బోవుటకు ముందు, మెట్ట మాగాణులపై నాలుగవ పాలు తగ్గింపవలెనని వ్రాసెను. పైవారు వినక గ్రామములను గుత్తల కిచ్చిరి. పెక్కు గ్రామములు చెడిన పిదప 1820 ప్రాంతమున రైతువారీ పద్ధతియు, ఆయన కోరిన తగ్గింపును వచ్చినవి. ఆ నడుమ రైతుల కైన నష్టమునకు బదులు చెప్పినవారు లేరు.

1814లో మఱల వచ్చి, న్యాయవిచారణ పద్ధతిని సంస్కరించు పనికి నాయకుడై, గ్రామ మునసబులకును పంచాయతులకును అధికారమిచ్చు 1816వ సంవత్సరపు చట్టములకు గారకుడయ్యెను. 1820లో చెన్నపట్టణపు గవర్నరయ్యెను. 1822లో రాజధానియందలి బడుల నెల్ల లెక్కింప నుత్తరువిచ్చెను. ఒక కోటి ఇరువది యెనిమిది లక్షలకు మించిన జనమునకు 12,498 బడులును, 188,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలెను. వారిలో బాలికలు నూటికి మువ్వురైనను లేరు. ప్రతి తాలూకాలోను బడి పెట్టింపవలెనని 1826లో ఏర్పాటు చేసెను గాని, కార్యము కొనసాగుటకు ముందే మరణించెను.

ఆయన జీవితమున కెల్ల తలమానికమైనది 1824 డిసెంబరు 31వ తేదీని వ్రాసిన లేఖ్యము. అందు స్వజాతీయుల నాయన కఠినముగ బరీక్షించెను. పూర్వపు విజేతలు మనవారిని హింసించి యుండవచ్చును గాని, ఒక దేశపు జనులనందఱను నమ్మదగనివారని ముద్రవేసి, పెద్ద యుద్యోగములనుండి వెలివేసినవారు బ్రిటిషువారివలె వేఱొకరు లేరని వ్రాసెను. బ్రిటనునే ఒక పరరాజ్యము జయించి, అచటి ప్రజలకు పరిపాలనలో భాగము లేకుండ జేసినచో, వారి విద్యయు మతమును వారిని కాపాడజాలవనియు, రెండు తరములలో వారును నీచులై కపటులై పోవుదురనియు హెచ్చరించెను. హిందువులు తమ్ము దామే పాలించుకొనుటకు దగిన యోగ్యతను బొందుటయే పాలన లక్ష్యమనియు, ఆనాడు బ్రిటను మెల్లగ దొలగుట ఉభయులకు మేలనియు నిర్ణయించెను. దోషము జాతి రక్తములో లేదు, వెలివేతలో నున్నదని దీని తాత్పర్యము. ఇంతటి మాట అధికారపీఠముననుండి చెప్పుటకు సాహసము కావలెను.

అయినను ఆయన తన మాటను తుదిదాక ననుసరింపలేకపోయెను. 1822లోనే, స్వేచ్ఛగల ముద్రణమును పరుల పాలనయు ఒకచోట నిలువవని వాదించి, పత్రికలకు స్వాతంత్ర్య మీయరాదనెను. మఱుసటి యేట కలకత్తాలో పత్రికలపై నిర్బంధము వచ్చినప్పుడు రాజా రామమోహనరాయలు న్యాయస్థానమున కర్జీ పెట్టి, అది చెల్లకపోగా తన పారసీ పత్రికను నిలిపివేసెను. స్వపరిపాలనకు యోగ్యత రావలెనని కోరినవాడు, ఆ యోగ్యతకు బాట యైన వాక్స్వాతంత్ర్యమును మూసెను. దయగల ప్రభువు సైత మధికారమును వదలుకొను సమయ మింకను రాలేదనుట పరిపాటి.

1827 జూలై 6వ తేదీని, తన దత్తమండలములను కడసారి చూడవచ్చి, పత్తికొండలో విషూచితో మరణించెను. గుత్తిలో ఖననమైన దేహమును తరువాత చెన్నపట్టణమునకు గొనిపోయిరి. 1839లో నచట ఆయన అశ్వారూఢ విగ్రహము నెలకొల్పబడెను. మన సీమలో బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలయ్య యని పేళ్లు పెట్టిరి. మంత్రాలయమున స్వామి యాయనకు మాత్రమే కనబడెననియు, గండిలో బంగారు తోరణము చూచెననియు కథలల్లిరి. ఈ యద్భుతములతో మనకు బని లేదు. శిస్తు తగ్గింపుమని వ్రాసిన చేయి చాలును.

ఆయన జాతివారు విగ్రహమును నిలిపిరి, ఉపదేశమును మూలబెట్టిరి. పుట్టుకచేతను, మతముచేతను, వర్ణముచేతను ఎవనికిని ఉద్యోగము నిరాకరింపరాదని 1833లో చట్టము చేసిరి. అయినను మన సమాజమున ప్రముఖుడైన సత్యేంద్రనాథ ఠాకూరు తొలి భారతీయుడుగా సివిలు సర్వీసు పరీక్షయం దుత్తీర్ణుడగుటకు 1863 రావలసివచ్చెను. స్వపరిపాలనము 1947 వఱకు రాలేదు. నేడు బ్రిటనులో, తమ జాతీయత యేది, సామ్రాజ్యము వారి కీర్తియా యపకీర్తియా యని వారే తర్కించుకొనుచున్నారు. రాయలు కన్నుమూసిన బ్రిస్టలు నగరముననే, 2020లో, బానిసల వర్తకుడైన కోల్‌స్టను విగ్రహమును జనులు నీట బడద్రోసిరి. 1997లో నిలిపిన రాయల విగ్రహ మక్కడనే నిలిచియున్నది. విగ్రహములను త్రోయుటకంటెను కాపాడుటకంటెను కష్టమైన పని యొకటి కలదు: మన్రో కొలతతో తమ్ము దాము కొలుచుకొనుట.

ఆ కొలత వారికి మాత్రమే గాదు. పరదేశీయులు మనల నమ్మదగనివారని వెలివేయుట యన్యాయమైనచో, మన గ్రామములలో కొన్ని కులములవారిని బావికడనుండియు, దేవాలయమునుండియు, పంక్తినుండియు వెలివేసి, పిదప వారు మురికివారని, మాట నిలుపనివారని నిందించుట న్యాయమెట్లగును? బాలికను బడినుండి తీసి, ఆడుదానికి వివేకము తక్కువ యనుట న్యాయమెట్లగును? 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసినది. ఇంటిలోని వాడుకను రద్దుచేయవలసినవారము మనమే. సమయ మింకను రాలేదని మన్రో పత్రికలకు జెప్పిన సమాధానమును మనము మన పాలేరులకును మన కూతుండ్రకును చెప్పకుందుము గాక. జనులందఱకు తండ్రియైన పరమేశ్వరుడు మన కా ధైర్యము ననుగ్రహించు గాక.