సి.కె.నాయుడు

కొఠారి కనకయ్య నాయుడు (అక్టోబర్ 31, 1895 - నవంబర్ 14, 1967) భారత టెస్ట్ క్రికెట్ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్. సి.కె. అన్న పొడి అక్షరాలతోనే దేశమంతటా ప్రసిద్ధుడయ్యాడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించి, జీవితంలో అధికభాగం ఇండోర్‌లో గడిపాడు. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్, నిదానపు బౌలర్, చురుకైన ఫీల్డర్. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశం ఆడిన తొలి టెస్టుకు నాయకత్వం వహించాడు. రాజులు, నవాబులే జట్టుకు సారథులు కావాలన్న ఆచారం బలంగా ఉన్న కాలంలో, రాజవంశీకుడు కాని ఒక ఆటగాడు ఆ బాధ్యతను స్వీకరించడం భారత క్రికెట్ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం.

బాల్యం, కుటుంబం

నాయుడు పూర్వీకులు ఆంధ్ర ప్రాంతం నుండి వలస వెళ్ళినవారు. తాత నారాయణస్వామి నాయుడు నాగపూర్‌లో పేరుపొందిన న్యాయవాది, భూస్వామి. భారత జాతీయ కాంగ్రెస్ తొలినాటి సభ్యులలో ఒకడు. తండ్రి సూర్యప్రకాశరావు కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివి వచ్చి న్యాయవాద వృత్తి చేపట్టాడు. కొంతకాలం హోల్కార్ సంస్థానంలో న్యాయమూర్తిగా కూడా పనిచేశాడు. కనకయ్య విద్యాభ్యాసం నాగపూర్‌లోనే జరిగింది. పాఠశాల దశలోనే క్రికెట్‌లో రాణించి, ఆ పట్టణంలోని మోదీ క్రికెట్ క్లబ్బు తరఫున ఆడాడు. ఇతని తమ్ముడు సి.ఎస్.నాయుడు కూడా భారతదేశం తరఫున 11 టెస్టులు ఆడిన లెగ్ స్పిన్ బౌలర్.

ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ప్రవేశం

ఆ కాలంలో దేశంలో పెద్ద పోటీ బొంబాయిలో జరిగే చతుర్ముఖ టోర్నమెంటు. ఇందులో యూరోపియన్లు, హిందువులు, పార్సీలు, ముస్లిములు వేరువేరు జట్లుగా ఆడేవారు. 1916లో నాయుడు హిందువుల జట్టు తరఫున యూరోపియన్లపై ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టాడు. జట్టు 79 పరుగులకు 7 వికెట్లు కోల్పోయిన స్థితిలో బ్యాటింగుకు వచ్చాడు. మొదటి మూడు బంతులను అడ్డుకుని, నాలుగో బంతిని సిక్సర్‌గా మలిచాడు. బంతిని గాలిలోకి ఎత్తి కొట్టడం తప్పుగా భావించే రోజుల్లో ఈ ఆటతీరు ప్రేక్షకులను ఆకట్టుకుంది.

1923లో ఇండోర్ పాలకుడైన తుకోజీరావు హోల్కార్ ఇతనిని తన సంస్థానానికి ఆహ్వానించి సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. తరువాతి కాలంలో కల్నల్ అయ్యాడు. అప్పటినుండి ఇండోర్ ఇతని స్వస్థలమైంది.

1926 బొంబాయి ఇన్నింగ్స్

1926-27లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లాండు నుండి ఎం.సి.సి. జట్టు భారత పర్యటనకు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టుతో జరిగిన మ్యాచ్‌లో మొదటి రోజు ఎం.సి.సి. 363 పరుగులు చేసింది. గై ఎర్ల్ అందులో 130 పరుగులు సాధించాడు. మరునాడు, డిసెంబర్ 1న, నాయుడు బ్యాటింగుకు దిగి 116 నిమిషాలలో 153 పరుగులు చేశాడు. ఇందులో 11 సిక్సర్లు ఉన్నాయి. ఒక ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సర్లు కొట్టడం అప్పటికి ప్రపంచ రికార్డు. ఆట కబురు నగరంలో పాకడంతో మైదానం చుట్టూ ఉన్న ఇంటికప్పులు, చెట్లు కూడా జనంతో నిండిపోయాయి. ఎం.సి.సి. జట్టు ఇతనికి వెండి బ్యాటును బహూకరించింది.

ఈ ఇన్నింగ్స్ ప్రభావం ఒక మ్యాచ్‌తో ముగియలేదు. భారతీయులు టెస్ట్ క్రికెట్ ఆడగల స్థాయికి చేరారన్న అభిప్రాయం గిల్లిగన్‌కు కలిగింది. దేశవ్యాప్త సంస్థను ఏర్పాటు చేసుకోవాలని అతడు ప్రోత్సహించాడు. 1928లో భారత క్రికెట్ కంట్రోల్ బోర్డు ఏర్పడింది.

1932 ఇంగ్లాండు పర్యటన, తొలి టెస్టు

1932 పర్యటనకు పోర్‌బందర్ మహారాజును కెప్టెన్‌గా, లింబ్డీ యువరాజు ఘనశ్యామ్ సిన్హ్‌జీని వైస్ కెప్టెన్‌గా నియమించారు. పోర్‌బందర్ మహారాజు తన ఆట ఆ స్థాయికి చాలదని గ్రహించి, కొద్ది మ్యాచ్‌లు మాత్రమే ఆడి తప్పుకున్నాడు. లింబ్డీ గాయపడ్డాడు. అందువల్ల టెస్టులో నాయకత్వం నాయుడుకు దక్కింది. సామాన్య ఆటగాడి కింద ఆడడానికి జట్టులో కొందరు అభ్యంతరం తెలిపినా, పోర్‌బందర్ నాయుడు పక్షాన నిలబడ్డాడు.

జూన్ 25న లార్డ్స్‌లో ప్రారంభమైన ఈ టెస్టులో ఇంగ్లాండు తొలి అరగంటలోనే 19 పరుగులకు 3 వికెట్లు కోల్పోయింది. హోమ్స్, సట్‌క్లిఫ్‌లను మహమ్మద్ నిస్సార్ బౌల్డ్ చేయగా, వూలీ రనౌట్ అయ్యాడు. తరువాత ఇంగ్లాండు కెప్టెన్ డగ్లస్ జార్డిన్ 79 పరుగులు చేసి జట్టును ఆదుకున్నాడు. అతని వికెట్ నాయుడుకే దక్కింది. ఇంగ్లాండు 259 పరుగులకు ఆలౌట్ అయింది. ఫీల్డింగులో నాయుడు చేతికి గాయమైంది. అయినా భారత్ చేసిన 189 పరుగులలో అత్యధికంగా 40 పరుగులు ఇతనివే. చివరకు ఇంగ్లాండు 158 పరుగుల తేడాతో గెలిచింది. అనుభవం లేని జట్టు తొలి టెస్టులోనే చూపిన పోరాటం అక్కడివారి ప్రశంసలు అందుకుంది.

పర్యటన మొత్తంలో నాయుడు ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశాడు. ఎం.సి.సి.పై లార్డ్స్‌లో అజేయంగా 118, వార్విక్‌షైర్‌పై 162 పరుగులు సాధించాడు. ఈ ప్రతిభకు గుర్తింపుగా విజ్డెన్ వార్షిక గ్రంథం 1933 సంచికలో సంవత్సరపు ఐదుగురు ఉత్తమ క్రికెటర్లలో ఒకనిగా ఎంపిక చేసింది. భారత జట్టు ఆటగాళ్ళలో ఈ గౌరవం పొందిన మొదటివాడు ఇతడే.

1933-34 స్వదేశీ సిరీస్

1933-34లో జార్డిన్ నాయకత్వంలో వచ్చిన ఇంగ్లాండు జట్టుతో మూడు టెస్టులకూ నాయుడే సారథి. 1933 డిసెంబర్‌లో బొంబాయిలో జరిగిన మొదటి టెస్టు భారత గడ్డపై జరిగిన తొలి టెస్టు. రెండో ఇన్నింగ్స్‌లో లాలా అమర్‌నాథ్ 118 పరుగులతో భారత్ తరఫున తొలి టెస్ట్ శతకం సాధించాడు. అతనితో కలిసి నాయుడు 186 పరుగులు జోడించి, తాను 67 పరుగులు చేశాడు. భారత్ బొంబాయి, మద్రాసు టెస్టులలో ఓడిపోగా, కలకత్తా టెస్టు డ్రా అయింది. నాయుడు కెప్టెన్‌గా వ్యవహరించిన నాలుగు టెస్టులలో మూడు ఓటమి, ఒకటి డ్రా.

1936 పర్యటన, చివరి టెస్టు

1936 ఇంగ్లాండు పర్యటనకు ఆటలో నాయుడుకు ఏమాత్రం సాటిరాని విజయనగరం మహారాజ్ కుమార్ (విజ్జీ) కెప్టెన్‌గా ఎన్నికయ్యాడు. ధనబలం, పలుకుబడి ఈ ఎంపికకు ప్రధాన కారణాలు. ఇద్దరూ తెలుగు కుటుంబాలకు చెందినవారే అయినా వారి మధ్య సయోధ్య లేదు. జట్టు రెండు వర్గాలుగా చీలిపోయింది. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో టెస్టులకు ముందే స్వదేశానికి పంపివేశారు. మూడు టెస్టుల సిరీస్‌ను భారత్ 0-2తో కోల్పోయింది. పర్యటన తరువాత నియమించిన బ్యూమాంట్ విచారణ సంఘం విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది.

ఓవల్‌లో జరిగిన మూడో టెస్టు నాయుడుకు చివరిది. రెండో ఇన్నింగ్స్‌లో గబ్బీ అలెన్ వేసిన వేగవంతమైన బంతి ఛాతీ కింద బలంగా తగిలింది. నొప్పితో బ్యాటు చేజారినా, మైదానం విడిచి వెళ్ళక ఆట కొనసాగించి 81 పరుగులు చేశాడు. టెస్టులలో ఇతని అత్యధిక స్కోరు ఇదే. అప్పటికి ఇతని వయసు 40 సంవత్సరాలు.

హోల్కార్ జట్టు

1941 నుండి నాయుడు హోల్కార్ జట్టుకు సారథ్యం వహించి, దానిని దేశంలోని బలమైన జట్లలో ఒకటిగా తీర్చిదిద్దాడు. ముస్తాక్ అలీ, చందు సర్వటే, సి.ఎస్.నాయుడు వంటివారు ఈ జట్టులో ఆడారు. శిక్షణలోను, నియమపాలనలోను కఠినంగా ఉండేవాడు. 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాలలో హోల్కార్ రంజీ ట్రోఫీ గెలుచుకుంది. 1944-45 ఫైనల్‌లో బొంబాయి చేతిలో 374 పరుగుల తేడాతో ఓడినా, ఆ మ్యాచ్ రికార్డులతో నిలిచిపోయింది. ఇంగ్లాండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కార్ తరఫున అజేయంగా 249 పరుగులు చేయగా, సి.ఎస్.నాయుడు మ్యాచ్ మొత్తంలో 917 బంతులు వేశాడు. మరుసటి సంవత్సరం బరోడాతో జరిగిన ఫైనల్‌లో సి.కె. తన 50వ ఏట 200 పరుగులు చేశాడు. ఇదే ఇతని అత్యధిక ఫస్ట్ క్లాస్ స్కోరు.

బొంబాయితో జరిగిన ఒక రంజీ మ్యాచ్‌లో దత్తూ ఫాడ్కర్ బంతి నోటికి తగిలి పళ్ళు ఊడాయి. వాటిని పిచ్ మీద నుండి పక్కకు తోసి ఆట కొనసాగించాడు. అప్పటికి ఇతని వయసు 50 దాటింది.

ఆంధ్ర జట్టు, చివరి సంవత్సరాలు

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1953-54లో రంజీ ట్రోఫీలో మొదటిసారి ప్రవేశించిన ఆంధ్ర జట్టుకు నాయుడే నాయకుడు. ఎన్నో ఏళ్ళు ఇతర ప్రాంతాల తరఫున ఆడిన ఇతడు 58వ ఏట ఈ విధంగా తెలుగువారి జట్టుకు ప్రాతినిధ్యం వహించాడు. 1956-57లో ఉత్తర ప్రదేశ్ తరఫున ఆడుతూ రాజస్థాన్‌పై 84 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో వినూ మన్కడ్ బౌలింగ్‌లో రెండు సిక్సర్లు కొట్టాడు. అప్పటికి వయసు 61. రంజీ ట్రోఫీకి అదే చివరి సంవత్సరం. ఆ తరువాత 1963-64లో 68 ఏళ్ళ వయసులో ఒక సహాయార్థ మ్యాచ్‌లో పాల్గొన్నాడు.

జాతీయ సెలెక్షన్ కమిటీ అధ్యక్షునిగా, క్రికెట్ బోర్డు ఉపాధ్యక్షునిగా సేవలు అందించాడు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో మరణించాడు.

గణాంకాలు

నాయుడు 7 టెస్టులలో 25.00 సగటుతో 350 పరుగులు చేసి 9 వికెట్లు తీశాడు. 207 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 26 శతకాలతో 11,825 పరుగులు చేసి 411 వికెట్లు తీశాడు. భారతదేశం తొలి టెస్టు ఆడేనాటికే ఇతనికి 36 సంవత్సరాలు నిండాయి. అందువల్ల టెస్ట్ గణాంకాలు మాత్రమే చూసి ఇతని స్థాయిని అంచనా వేయడం సరికాదు.

గౌరవాలు

1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 1994లో క్రికెట్ బోర్డు ఇతని పేరిట జీవన సాఫల్య పురస్కారాన్ని ప్రారంభించింది. దానిని మొదట అందుకున్నవాడు లాలా అమర్‌నాథ్. యువ ఆటగాళ్ళ కోసం నిర్వహించే జాతీయ పోటీకి కూడా కల్నల్ సి.కె.నాయుడు ట్రోఫీ అని పేరు పెట్టారు. ఇతని కుమార్తె చంద్ర నాయుడు దేశంలో తొలితరం మహిళా క్రికెట్ వ్యాఖ్యాతలలో ఒకరు.