72వ నంబర్ సైకిల్

ఆదివారం పొద్దున్నే నానక్‌రామ్‌గూడ వైపు వెళ్ళి చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో సైకిళ్ళు బారులు తీరి పోతుంటాయి. వారమంతా హైటెక్ సిటీలో కుర్చీకి అతుక్కుపోయేవాళ్ళు, సెమిస్టర్ మధ్యలో ఊపిరి కోసం వచ్చే మనలాంటివాళ్ళు, అందరూ అక్కడే. 2023లో మొదలైన ఆ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు. అది పూర్తిచేసి ఫోటో పెడితే మనకి అదో పెద్ద విజయం.

1924లో ఒకావిడ ఒక్క రేసులో 3,613 కిలోమీటర్లు తొక్కింది. మన ట్రాక్ లెక్కలో 157 సార్లు! నీడ లేదు, చాలాచోట్ల తారు రోడ్డు కూడా లేదు. ఆవిడ పేరు అల్ఫోన్సీనా స్ట్రాడా.

1891 మార్చి 16న ఇటలీలోని కాస్టెల్‌ఫ్రాంకో ఎమీలియా దగ్గర ఓ పేద కూలీల ఇంట్లో పుట్టింది. పుట్టింటి పేరు మొరీని. ఆమెకి పదేళ్ళప్పుడు నాన్న కొన్ని కోళ్ళు ఇచ్చి, బదులుగా ఓ పాత సైకిల్ తెచ్చాడని చెప్తారు. అంతే, ఆ పిల్ల ఇక కాలు కింద పెట్టలేదు. ఆదివారం చర్చికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి పక్క ఊళ్ళలో పందేలకి పోయేది. పదమూడేళ్ళకి మొదటి పందెం గెలిచింది. బహుమతి ఏంటో తెలుసా? బతికున్న పంది!

ఆడపిల్ల సైకిల్ ఎక్కితే వింతగా, తప్పుగా చూసే రోజులవి. ఊళ్ళో వెక్కిరించారు, ఇంట్లో తిట్టారు. 1915లో లుయీజీ స్ట్రాడాని పెళ్ళి చేసుకుంది. అతను ఇచ్చిన పెళ్ళి కానుక రేసింగ్ సైకిల్. ఇంకో సంగతి, ఇటాలియన్ భాషలో స్ట్రాడా అంటే రోడ్డు. ఇంటిపేరు ఇంతకన్నా బాగా కుదురుతుందా!

1917లో మగవాళ్ళతో కలిసి లొంబార్డీ రేసులో దిగింది. గెలిచినవాడి కంటే దాదాపు గంటన్నర వెనక, ఆఖరున వచ్చింది. కానీ పూర్తిచేసింది. మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళి 21వ స్థానంలో నిలిచింది. ఈసారి ఆమె వెనక ఓ మగవాడు ఉన్నాడు.

అసలు కథ 1924లో. జీరో ది ఇటాలియాకి పెద్ద జట్లు డబ్బు దగ్గర పేచీ పెట్టి రామన్నాయి. దాంతో నిర్వాహకులు ఎవరైనా సొంతంగా పాల్గొనొచ్చు, తిండీ బసా మేం చూస్తాం అన్నారు. అల్ఫోన్సీనా పేరిచ్చింది. అచ్చయిన జాబితాలో చివరి దీర్ఘం ఎగిరిపోయి అల్ఫోన్సిన్ అని వచ్చింది. ఆడో మగో తెలియని పేరు. నంబర్ 72.

90 మంది బయల్దేరారు. ఒక్కో అంచె దాదాపు 300 కిలోమీటర్లు, అంటే మన గచ్చిబౌలి నుంచి విజయవాడ దాటాలి. గేరు మార్చాలంటే దిగి, వెనక చక్రం తీసి, తిప్పి బిగించాలి. అయినా రోజూ గడువులోపే చేరుతూ వచ్చింది. ఎనిమిదో అంచె, ఆక్విలా నుంచి పెరూజా. గాలి, వాన, బురద. పడిపోయి హ్యాండిల్ విరిగింది. చీపురు కర్ర ముక్కతో దాన్ని కట్టుకుని చీకట్లో చేరింది. గడువు దాటిపోయింది. రేసు నుంచి తీసేశారు.

ఇక్కడే ఆగిపోతే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. కానీ నిర్వాహకులు ఓ మధ్యేమార్గం చూపించారు: తొక్కు, ఖర్చు మాది, లెక్కలో మాత్రం ఉండవు. సరే అంది. బొలోన్యా నుంచి ఫియూమె దాకా 415 కిలోమీటర్ల అంచె, మనకి దాదాపు రాజమండ్రి దూరం. ఆలస్యంగా, కళ్ళనీళ్ళతో చేరిన ఆమెని జనం భుజాలకెత్తుకున్నారు. చివరికి మిలాన్‌లో లెక్కలోకి వచ్చినవాళ్ళు 30 మంది. లెక్కలో లేకుండా ఆమె కూడా చేరింది. జనం చందాలేసి ఇచ్చిన డబ్బు, మానసిక ఆసుపత్రిలో ఉన్న భర్త వైద్యానికి అక్కరకొచ్చింది.

తర్వాతి ఏడాది నుంచి ఆమెని రానివ్వలేదు. ఆమె మానలేదు. వేరే పందేలు, ప్రదర్శనలు, చివరికి మిలాన్‌లో సొంత సైకిల్ షాపు. 1959 సెప్టెంబర్ 13న, ఓ సైకిల్ రేసు చూసొచ్చి, తన మోటార్ సైకిల్ దగ్గరే గుండె ఆగి చనిపోయింది.

మన దగ్గర ర్యాంకు, కటాఫ్, షార్ట్‌లిస్ట్ లేకుండా రోజు గడవదు. జాబితాలో పేరు లేని రోజున నాకైతే ఆ చీపురు కర్ర గుర్తొస్తుంది. పెరూజా తర్వాత ఆమె తొక్కిన నాలుగు అంచెలూ ఏ లెక్కలోనూ లేవు. ఆ ఏడాది గెలిచింది ఎవరో మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?