శిఖరం దిగాక మొదలైన సేవ: సర్ ఎడ్మండ్ హిల్లరీ

జంషెడ్‌పూర్: ఉక్కు నగరం జంషెడ్‌పూర్ పర్వతారోహకులకు కూడా సుపరిచితం. ఎవరెస్ట్‌ను అధిరోహించిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ సుదీర్ఘకాలం సారథ్యం వహించిన టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ 1984లో ఇక్కడే ఏర్పడింది. నగరానికి చేరువలో ఏనుగులకు ఆవాసమైన దల్మా కొండలు, వాటి చుట్టూ ఆదివాసీ గ్రామాలు ఉన్నాయి. పర్యాటకుల రాకతో కొండవాసులకు మేలు జరగాలి, అడవి కూడా నిలవాలి. ఈ రెండింటినీ సాధించేందుకు శ్రమించిన వారిలో అగ్రగణ్యుడు హిల్లరీ.

1919 జులై 20న న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో జన్మించిన హిల్లరీ తేనెటీగల పెంపకంతో జీవనం సాగించారు. 1953 మే 29న టెన్జింగ్ నార్గేతో కలిసి తొలిసారి ఎవరెస్ట్ శిఖరాన్ని చేరారు. ఆ కీర్తితో తృప్తిచెందక, తమ బరువులు మోసిన షేర్పాల రుణం తీర్చుకోవాలని 1960లో హిమాలయన్ ట్రస్ట్‌ను నెలకొల్పారు. గ్రామస్థుల కోరిక మేరకు 1961లో ఖుమ్‌జుంగ్‌లో పాఠశాల, 1966లో ఖుండేలో ఆసుపత్రి వెలిశాయి. నిర్మాణ సామగ్రి తరలింపునకు 1964లో లుక్లాలో విమానాల రన్‌వే సిద్ధమైంది. దాని నేలను షేర్పాలు నృత్యం చేస్తూ కాళ్లతో తొక్కి గట్టిపరిచారు.

అయితే ఆ రన్‌వేయే పర్యాటకుల వెల్లువకు ద్వారం తెరిచింది. షేర్పాలకు గైడ్లుగా, వసతిగృహాల యజమానులుగా ఆదాయం పెరిగినా, వంటచెరకు కోసం అడవులు తరిగిపోయాయి. ఈ పరిణామం హిల్లరీని కలచివేసింది. 1975లో ఖాట్మండూ సమీపంలో జరిగిన విమాన ప్రమాదంలో భార్య లూయిస్, చిన్న కుమార్తె బెలిండాలను కోల్పోయినా ఆయన సేవను విడువలేదు. 1976లో న్యూజిలాండ్ సహకారంతో సాగర్‌మాతా జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. షేర్పా యువకులు అందులో అధికారులుగా శిక్షణ పొందారు. ట్రస్ట్ నర్సరీలు పెంచి మొక్కలు నాటించింది. యాత్రికులు కట్టెలు కాల్చడంపై నిషేధం అమలైంది. 1979లో ఈ ఉద్యానవనం ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. అనంతరం నేపాల్ చట్టం ఉద్యానవనాల ఆదాయంలో 30 నుంచి 50 శాతాన్ని పరిసర గ్రామాల అభివృద్ధికి కేటాయించింది.

1985 నుంచి 1989 వరకు భారత్‌లో న్యూజిలాండ్ హైకమిషనర్‌గా పనిచేసిన హిల్లరీ 2008 జనవరి 11న 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కొండకు వచ్చే ఆదాయంలో కొండవాసికి వాటా, అడవిపై అతనికే బాధ్యత అన్న ఆయన బాట నేటికీ అనుసరణీయం.